50 ఏళ్ల మబ్బుల లెక్కలో తగ్గుదల కనిపిస్తోంది, దీన్ని వాతావరణ మార్పుకు సాక్ష్యం అనొచ్చా?

ఎండపొడ
ఒక వాతావరణ కేంద్రంలో 1971 నుంచి 2020 దాకా రాసిపెట్టిన మబ్బుల లెక్కంతా రెండు నెలలు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించాను. మూడు గంటలకోసారి ఆకాశంలో ఎంత భాగం మబ్బు పట్టి ఉందో ఆక్టాల్లో రాసిన అంకెలవి. ఏడాది సగటు తీసి గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగుతోంది, మొత్తం మీద అర ఆక్టాకు పైనే తగ్గింది. ఆ గీత చూసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

ఈ రంగంలో పనిచేసే ఒక స్నేహితుడికి చూపిస్తే రెండు నిమిషాలు కూడా చూడలేదు, "మబ్బుల్ని నమ్ముకోకు, ఉష్ణోగ్రత చూసుకో" అన్నాడు. ఎందుకు నమ్మకూడదో చెప్పమంటే నవ్వి ఊరుకున్నాడు. ఉష్ణోగ్రత, వాన, సముద్ర మట్టం, మంచు అన్నీ వాతావరణ మార్పుకు సూచికలే అయినప్పుడు, భూమి మీద ఎంత ఎండ పడాలో తేల్చే మబ్బు మాత్రం ఎందుకు కాదు? నేను గీసింది తప్పా, లేక ఆయన తొందరపడ్డాడా? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

తుంపర
ఆక్టా అంటే ఏంటండీ ముందు?

ఎండపొడ
ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని అందులో ఎన్ని భాగాలు మబ్బు కప్పిందో చెప్పే కొలత. 0 అంటే నిర్మలాకాశం, 8 అంటే పూర్తిగా మూసుకుపోయినట్టు.

పాతకన్ను
ఆ అంకెలు రాసే పనిలో 28 ఏళ్లు ఉన్నాను, రిటైరయ్యాను. మీరు ఎక్కించిన డేటా వెనక ఏముంటుందో చెబుతాను.

ఎనిమిది భాగాలు అన్నారు గానీ అసలు నియమం ఇంకొంచెం మెలికగా ఉంటుంది. ఆకాశంలో చిన్న మబ్బు తునక ఒక్కటి ఉన్నా 0 రాయకూడదు, 1 రాయాలి. అలాగే ఆకాశమంతా మూసుకుపోయి ఒక్క కన్నం లోంచి నీలం కనబడినా 8 రాయకూడదు, 7 రాయాలి. అంటే రెండు చివర్లా అంకెల తీరు వేరు. పొగమంచులో ఆకాశం కనబడకపోతే 9 రాస్తాం. ఆ 9ని మీరు తీసేశారా, సగటులో కలిపేశారా? ముందు అది చూసుకోండి.

రెండోది రాత్రి. అమావాస్య రోజుల్లో పల్చటి ఎత్తు మబ్బు కనబడదు. చుక్కలు మసకబారాయా లేదా అని చూసి అంచనా వేస్తాం. వెన్నెల ఉంటే బాగా తెలుస్తుంది. అందుకే హాన్, వారెన్, లండన్ అనే ముగ్గురు పరిశోధకులు 1995లో వెన్నెల కొలమానం ఒకటి పెట్టారు, చంద్రుడి వెలుగు చాలినంత ఉన్న రాత్రుల లెక్కనే తీసుకోవాలని. అది చదివినప్పుడు నా కళ్లకు ఇన్నేళ్లకు న్యాయం జరిగిందనిపించింది.

ఎండపొడ
9 సంగతి నాకు అసలు తెలీదు. సగటులో కలిపేశాను. ఇప్పుడే తీసేస్తున్నా.

గీతలమనిషి
9 పెద్ద విషయం కాదు, దాన్ని తీసేసినా గీత దిగుతూనే ఉంటుంది, చూడండి. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ గీత వాలుగా దిగుతోందా, మెట్టులా ఒక్కసారి పడిందా? యాభై ఏళ్ల సగటుకు అడ్డంగా సూటి గీత గీస్తే మెట్టు కూడా వాలులాగే కనబడుతుంది. ట్రెండ్ లైన్ తీసేసి వట్టి చుక్కలు చూడండి. తర్వాత ఆ కేంద్రం చరిత్ర కాగితాలు వెతకండి: ఎప్పుడు చోటు మారింది, పరికరం ఎప్పుడు మారింది, రోజుకు ఎన్నిసార్లు చూసేవాళ్లు, ఆ వేళలు మారాయా.

చుక్కలరేడు
నాకు టెలిస్కోప్ పిచ్చి. 22 ఏళ్లుగా ఏ రాత్రి ఆకాశం తేటగా ఉందో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. నా లెక్కలో తేట రాత్రులు తగ్గాయి! మీ దానికి పూర్తిగా ఉల్టా.

గీతలమనిషి
@చుక్కలరేడు మీరు బయటికెళ్లిన రాత్రులే రాశారా, అన్ని రాత్రులూ రాశారా?

చుక్కలరేడు
వెళ్లినవే. మొదట్లో వారానికి నాలుగు రోజులు వెళ్లేవాణ్ణి, పిల్లలు పుట్టాక నెలకు రెండు. సరే, అర్థమైంది. నా నోట్‌బుక్ నా తీరికకు సూచిక, మబ్బులకు కాదు.

ఎండపొడ
@గీతలమనిషి మెట్టే! వట్టి చుక్కలు చూస్తే 1994 దాకా దాదాపు సమంగా ఉండి, 1995లో ఒక్కసారి పడి, అక్కణ్ణుంచి మళ్లీ దాదాపు సమంగా ఉంది. కేంద్రం చరిత్రలో ఆ ఏడాది మనుషుల పరిశీలన ఆపి ఆటోమేటిక్ పరికరం పెట్టారని ఉంది. రెండు నెలల పని నీళ్లలో పోసినట్టేనా?

పాతకన్ను
నీళ్లలో ఏం పోలేదు. ఆ పరికరం సీలోమీటర్ అయి ఉంటుంది. నిట్టనిలువుగా పైకి లేజర్ కొట్టి, మబ్బు అడుగు నుంచి తిరిగొచ్చిన వెలుగును బట్టి ఎత్తు చెబుతుంది. అది చూసేది నెత్తి మీద ఒక్క చుక్కనే. మబ్బులు ఎలాగూ గాలికి కదిలిపోతుంటాయి కాబట్టి అరగంటలో ఎన్నిసార్లు మబ్బు తగిలిందో లెక్కేసి దాన్నే ఆకాశ భాగంగా మారుస్తారు. అమెరికాలో 1990లలో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాల్లో సీలోమీటర్ 12,000 అడుగుల పైన ఉన్న మబ్బును లెక్కలోకి తీసుకునేది కాదు. ఎత్తు మబ్బంతా మాయం. ఆకాశం నిండా పింజల్లాంటి పల్చటి ఎత్తు మబ్బు, సిర్రస్ అంటారు, పరుచుకున్నా అది "నిర్మలం" అని రాసేది. మేమైతే ఏ 7నో 8నో రాసేవాళ్లం.

ఇంకొకటి. మనిషి దిక్కుల చివరి దాకా చూస్తాడు. దూరంగా ఉన్న మబ్బుల పక్కలు ఒకదాని వెనక ఒకటి కనబడి మధ్యలో ఖాళీలు మూసుకుపోతాయి, అందుకని మనిషి కొంచెం ఎక్కువే రాస్తాడు. పైకి మాత్రమే చూసే పరికరానికి ఆ గొడవ లేదు. కాబట్టి మనిషి పోయి మిషన్ వస్తే అంకె పడిపోవాల్సిందే, ఆకాశం మారకపోయినా.

సందేహాలరావు
ఇదే నేను ఎప్పుడూ అనేది. కొలతే సరిగ్గా లేనప్పుడు మబ్బులు తగ్గాయి, భూమి వేడెక్కింది అని పేపర్లు రాసేవాళ్లందరూ గాల్లో మేడలు కడుతున్నట్టే కదా. మీ స్నేహితుడు చెప్పింది నిజం, మబ్బుల్ని వదిలేయండి.

కక్ష్యనుంచి
ఒక స్టేషన్‌లో పరికరం మారిందని అందరినీ కొట్టిపారేస్తే ఎలా? ఇదే మెలిక ఉపగ్రహాల్లోనూ వచ్చింది, దాన్ని పట్టుకున్నదీ ఆ రంగం వాళ్లే. నేను శాటిలైట్ డేటాతో పనిచేస్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

ఐఎస్‌సీసీపీ అని 1982లో మొదలైన అంతర్జాతీయ ప్రాజెక్టు ఉంది. వివిధ దేశాల వాతావరణ ఉపగ్రహాల చిత్రాలు కలిపి 1983 జూలై నుంచి ప్రపంచ మబ్బుల లెక్క కట్టింది. అందులో 1980ల చివరి నుంచి మబ్బు శాతం చక్కగా తగ్గుతూ వచ్చింది. చాలామంది ఉత్సాహపడ్డారు. 2007లో ఇవాన్ అనే పరిశోధకుడి బృందం దాన్ని విప్పి చూస్తే ఆ తగ్గుదలలో పెద్ద భాగం చూసే కోణం వల్ల వచ్చిందని తేలింది. భూస్థిర ఉపగ్రహం, అంటే ఎప్పుడూ ఒకే చోటు మీద నిలిచి ఉండేది, తన కింద ఉన్నదాన్ని నిలువుగా చూస్తుంది, అంచుల్లో ఉన్నదాన్ని ఏటవాలుగా చూస్తుంది. ఏటవాలుగా చూస్తే మబ్బు ఎక్కువ కనబడుతుంది, పాతకన్ను గారు చెప్పిన దిక్కుల చివరి మబ్బుల సంగతే ఇది, కాకపోతే పైనుంచి. కాలం గడిచేకొద్దీ ఉపగ్రహాలు పెరిగాయి, ఏటవాలు చూపు తగ్గింది, మబ్బు "తగ్గింది".

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల్లో ఇంకో తలనొప్పి. మధ్యాహ్నం రెండింటికి దాటాల్సిన ఉపగ్రహం ఏళ్లు గడిచేకొద్దీ జారిపోయి సాయంత్రం నాలుగింటికో అయిదింటికో దాటుతుంది. నేల మీద మధ్యాహ్నం, సాయంత్రం మబ్బులు ఒకేలా ఉండవు కదా. పట్టించుకోకపోతే అదీ ట్రెండ్ అయిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక 2016లో నోరిస్ బృందం నేచర్ పత్రికలో ఒక పేపర్ వేసింది, 1983 నుంచి 2009 దాకా. వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, ప్రపంచం మొత్తం సగటును నమ్మకుండా పక్కన పెట్టేశారు. సరిచేసేటప్పుడు మొత్తం సగటు ఎలాగూ చెడుతుంది. దాని బదులు ఏ ప్రాంతంలో పెరిగింది, ఏ ప్రాంతంలో తగ్గింది అన్న నమూనా చూశారు. మధ్య అక్షాంశాల్లో తుపాన్లు నడిచే దారి ధ్రువాల వైపు జరిగింది, ఉష్ణమండలం పక్కన ఉన్న పొడి పట్టీ వెడల్పయింది, ఎత్తైన మబ్బుల శిఖరాలు ఇంకా పైకి లేచాయి. వేడెక్కే భూమిలో ఇలాగే జరగాలని వాతావరణ కంప్యూటర్ మోడళ్లు ముందే చెప్పాయి. 1982 ఎల్ చిచోన్, 1991 పినటూబో అగ్నిపర్వతాలు పేలాక వచ్చిన చల్లదనం నుంచి కోలుకోవడం కూడా అందులో కొంత ఉందని వాళ్లే రాశారు, దాచలేదు.

కాబట్టి ఎండపొడ గారూ, మబ్బు సూచికే. ఒక్కచోట ఒక్క అంకెగా చూస్తే బలహీనం, పటం మీద నమూనాగా చూస్తే బలంగా ఉంటుంది.

సందేహాలరావు
మరి కాస్మిక్ కిరణాలు? సూర్యుడు, గెలాక్సీ కిరణాలు మబ్బుల్ని నడిపిస్తాయని గ్రాఫ్ చూశాను, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతికినట్టున్నాయి.

కక్ష్యనుంచి
ఆ వాదన స్వెన్స్‌మార్క్ అనే పరిశోధకుడిది, 1997లో. అది కూడా ఐఎస్‌సీసీపీ లెక్కే. తర్వాతి ఏళ్ల డేటా కలిపేసరికి రెండు గీతలూ విడిపోయాయి. మీరు చూసిన గ్రాఫ్ ఏ ఏడాదిలో ఆగిపోయిందో చూడండి.

సందేహాలరావు
1994లో ఆగింది. సరే, ఇది వదిలేస్తున్నా. కానీ మొదటి ప్రశ్న వదల్లేదు.

తుంపర
నాది చిన్న డౌట్. భూమి వేడెక్కితే నీరు ఎక్కువ ఆవిరవుతుంది కదా, అప్పుడు మబ్బు పెరగాలి గానీ తగ్గడమేంటి?

పగటివెలుగు
చాలామంది ఇక్కడే తడబడతారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. ఆవిరీ పెరిగింది, పట్టుకునే శక్తీ పెరిగింది. మబ్బు కట్టడానికి కావాల్సింది ఎంత ఆవిరి ఉంది అని కాదు, గాలి నిండడానికి ఎంత దగ్గరగా ఉంది అని. సముద్రం మీద ఆ సాపేక్ష తేమ పెద్దగా మారదు. నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, అక్కడికి వచ్చే ఆవిరి అంత వేగంగా పెరగదు, అందుకని నేల మీద గాలి పొడిబారుతోంది. నేల మీద మబ్బు తగ్గడానికి అదొక దారి.

ఇక ఏ మబ్బు అన్నది అంతకంటే ముఖ్యం. కాలిఫోర్నియా, పెరూ, నమీబియా తీరాల పక్కన సముద్రం మీద దుప్పటిలా పరుచుకునే లోతట్టు మబ్బు, అంటే తక్కువ ఎత్తులో ఉండేది, స్ట్రాటోక్యుములస్ అంటారు, ఎండను వెనక్కి కొడుతుంది, దాని పైభాగం పెద్ద చల్లగా ఉండదు కాబట్టి భూమి వేడిని పెద్దగా ఆపలేదు. నికరంగా చల్లబరుస్తుంది. పల్చటి సిర్రస్ దానికి ఎదురు: ఎండను రానిస్తుంది, కింది వేడిని పోనివ్వదు. మొత్తం మబ్బులన్నీ కలిపి చదరపు మీటరుకు 45 నుంచి 50 వాట్ల ఎండను వెనక్కి పంపుతాయి, 25 నుంచి 30 వాట్ల వేడిని పట్టి ఉంచుతాయి, మిగిలేది దాదాపు 20 వాట్ల చల్లదనం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే వచ్చే అదనపు వేడి దాదాపు 4 వాట్లు. ఇప్పుడు పోల్చి చూడండి, మబ్బుల్లో కొంచెం మార్పు వచ్చినా లెక్క ఎంత తారుమారవుతుందో.

అందుకే "మబ్బు శాతం తగ్గింది" అనే ఒక్క అంకె వింటే నాకు సగం వాక్యం విన్నట్టే ఉంటుంది.

గీతలమనిషి
పగటివెలుగు గారి పోస్టు పిన్ చేయండి ఎవరైనా.

@ఎండపొడ సగటు గురించి ఇంకో మాట. చాలా చోట్ల ఆకాశం లెక్క గిన్నె ఆకారంలో ఉంటుంది, 0, 1 ఎక్కువ, 7, 8 ఎక్కువ, మధ్యలో 4 అరుదు. అలాంటప్పుడు "సగటు 4.5" అనే ఆకాశం ఎప్పుడూ ఉండదు. సగటు వదిలేసి ఏడాదికి పూర్తిగా తేటగా ఉన్న రోజులెన్ని, పూర్తిగా మూసుకున్న రోజులెన్ని అని విడిగా లెక్కించండి. పగలూ రాత్రీ కలపొద్దు. మీ డేటాలో లోతట్టు మబ్బు విడి కాలమ్ ఉంటే బంగారం, ఎందుకంటే కిందనున్న మబ్బు విషయంలో కన్నుకూ సీలోమీటర్‌కూ తేడా తక్కువ.

ఎండపొడ
లోతట్టు మబ్బు విడిగా ఉంది! ఎండ కాసిన గంటలు కూడా ఉన్నాయి, గాజు గోళం కార్డు లెక్క.

పాతకన్ను
క్యాంప్‌బెల్-స్టోక్స్! ఎన్ని వేల కార్డులు మార్చానో ఈ చేత్తో. క్యాంప్‌బెల్ 1853లో మొదట చేశాడు, స్టోక్స్ 1879లో మెరుగుపరిచాడు, అప్పట్నుంచి పెద్దగా మారలేదు. గాజు గోళం ఎండను ఒక చుక్కగా కూడదీసి కార్డు మీద గీతలా కాల్చుతుంది. మబ్బు అడ్డొస్తే గీత తెగుతుంది. సాయంత్రం కార్డు తీసి కాలిన పొడవు కొలుస్తాం. మీ కేంద్రంలో 1995లో దాన్ని కూడా మార్చారా?

ఎండపొడ
లేదు, 2003 దాకా అదే గోళం.

గీతలమనిషి
అయితే మీ చేతిలో సాక్షి ఉన్నాడు. 1995లో నిజంగా మబ్బు పడిపోయి ఉంటే ఎండ గంటలు అదే ఏడాది ఎగరాలి. ఎగరకపోతే ఆ మెట్టు పరికరానిదే.

పొగమంచు
ప్రాంతాల మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసిన ఒక కేసు. కాలిఫోర్నియా ఉత్తర తీరంలో రెడ్‌వుడ్ చెట్లు వేసవిలో పొగమంచు మీద ఆధారపడి బతుకుతాయి. 2010లో జాన్‌స్టోన్, డాసన్ అనే ఇద్దరు, విమానాశ్రయాల్లో రాసిన మబ్బు ఎత్తుల లెక్కలు, తీరానికీ లోపలి ప్రాంతానికీ ఉష్ణోగ్రతల తేడా కలిపి చూసి, 20వ శతాబ్దం మొదట్లో కంటే వేసవి పొగమంచు దాదాపు మూడో వంతు తగ్గిందని తేల్చారు. అంతవరకూ అందరూ విన్నదే. అదే రాష్ట్రం దక్షిణ తీరంలో వేరే కథ. అక్కడ 1948 నుంచి ఉన్న విమానాశ్రయాల గంటగంట లెక్కలు చూస్తే తీరపు మబ్బు అడుగు పైకి లేచింది, లోతట్టు మబ్బు, పొగమంచు తగ్గాయి. కారణం ఎక్కువగా నగరాలు. కాంక్రీటు రాత్రంతా వేడి వదులుతుంటే తెల్లవారుజామున మబ్బు కట్టడానికి కావాల్సిన చల్లదనం రాదు. మనిషి చేసిన మార్పే, నిజమైన మార్పే, కానీ దాన్ని ప్రపంచ వాతావరణ మార్పు ఖాతాలో రాసేస్తే తప్పవుతుంది.

మీ కేంద్రం చుట్టూ ఈ యాభై ఏళ్లలో ఏం కట్టారో చూశారా?

ఎండపొడ
మొదట పొలాలు, 1980ల నుంచి ఇళ్లు. ఇప్పుడు పూర్తిగా ఊరు మధ్యలో ఉన్నట్టే.

పొగమంచు
అయితే ఆ అనుమానం కూడా జాబితాలో పెట్టుకోండి.

సందేహాలరావు
చూశారా, ఒకసారి పరికరం, ఒకసారి నగరం. దేనికైనా ఒక సాకు ఉంటుంది మీ దగ్గర.

పొగమంచు
సాకు కాదండీ. సాకైతే ఏదో ఒకటి చెప్పి వదిలేస్తారు. ఇక్కడ ఒక్కో కారణానికీ ఒక్కో గుర్తు వేరుగా ఉంటుంది. నగరం వల్లయితే రాత్రి, తెల్లవారుజాము మబ్బు తగ్గాలి, పక్కనున్న పల్లె కేంద్రంలో తగ్గకూడదు. పరికరం వల్లయితే ఒకే ఏడాదిలో మెట్టు పడాలి, ఎండ గంటల్లో కనబడకూడదు. గాలిలో దుమ్ము ధూళి తగ్గడం వల్లయితే మబ్బు అంతే ఉండి ఎండ తీవ్రత పెరగాలి. వీటిలో దేనికీ సరిపోకుండా మిగిలినదాన్ని గురించే వాతావరణ మార్పు అనే మాట వాడాలి.

తుంపర
ఈ పోస్టు రెండుసార్లు చదివాను. థాంక్స్.

పగటివెలుగు
దుమ్ము ధూళి మాట వచ్చింది కాబట్టి ఓడల సంగతి. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. గంధకపు పొగ రేణువుల మీద ఎక్కువ నీటి బిందువులు పుట్టి మబ్బు ఇంకా తెల్లబడుతుంది. అందుకే సముద్రం మీద ఓడలు వెళ్లిన దారంతా ఉపగ్రహ చిత్రాల్లో తెల్లటి చారలు కనిపించేవి. నియమం వచ్చాక ఆ చారలు బాగా తగ్గాయి. ఆ తర్వాత 2023లో భూమి వెనక్కి పంపే ఎండ రికార్డు స్థాయికి పడిపోయింది, లోతట్టు మబ్బు తగ్గడమే పెద్ద కారణమని 2024 చివర్లో సైన్స్ పత్రికలో గెస్లింగ్ బృందం రాసింది. నా దృష్టిలో ఇందులో ఓడల వాటా పెద్దదే.

కక్ష్యనుంచి
ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ పేపర్ లోతట్టు మబ్బు తగ్గిందని చూపించింది గానీ ఎందుకు తగ్గిందో తేల్చలేదు. వేడి వల్లే మబ్బు తగ్గుతూ ఉండొచ్చు, గంధకం తగ్గడం కావచ్చు, సముద్రపు సహజమైన ఊగిసలాట కావచ్చు. ఓడలు తిరగని ఉష్ణమండల ప్రాంతాల్లో కూడా తగ్గుదల ఉంది కదా? ఒకటి రెండేళ్ల పతనాన్ని ఒకే కారణానికి కట్టేయడం, ఎండపొడ గారి మొదటి గ్రాఫ్ లాంటిదే అవుతుంది.

పగటివెలుగు
ఉష్ణమండలం మాట నిజమే. కానీ ఉత్తర అట్లాంటిక్ మీద తగ్గింది కూడా నిజం, అక్కడ ఓడల రద్దీ ఎక్కువ. పూర్తిగా ఓడలే అనలేదు నేను.

కక్ష్యనుంచి
పెద్ద వాటా అన్నారు. ఆ "పెద్ద" దగ్గరే నా పేచీ. మూడూ కలిసే ఉంటాయి, వాటాలు విడదీయడానికి ఇంకొన్నేళ్ల లెక్క కావాలి. వేడి పెరిగి లోతట్టు మబ్బు తగ్గడమే ప్రధానమైతే అది భయపడాల్సిన సంగతి, ఎందుకంటే తగ్గిన మబ్బు ఇంకా వేడిని పెంచుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక కూడా మబ్బుల మార్పు మొత్తం మీద వేడిని పెంచే దిశలోనే ఉందని గట్టి నమ్మకంతో చెప్పింది. నాకు నిజంగా టెన్షన్ ఉన్నది దీని గురించే, అందుకే కారణం తప్పుగా రాసేయడం నాకిష్టం లేదు.

చుక్కలరేడు
చంద్రుడి ద్వారా కొలిచిన లెక్క ఒకటుంది, మా టెలిస్కోప్ వాళ్లకు ఇష్టమైనది. నెలవంక పక్కన చంద్రుడి చీకటి భాగం మసగ్గా కనబడుతుంది చూడండి, అది భూమి నుంచి వెళ్లిన వెలుగు. భూమి మీద మబ్బు ఎక్కువుంటే ఆ మసక వెలుగు పెరుగుతుంది. కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ సౌర పరిశీలనశాలలో 1998 నుంచి 2017 దాకా దాన్ని కొలిచి, భూమి వెనక్కి పంపే వెలుగు చదరపు మీటరుకు దాదాపు అర వాట్ తగ్గిందని చెప్పారు. సెరెస్ అనే ఉపగ్రహ పరికరాలు కూడా తగ్గుదలే చూపిస్తున్నాయి. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే వైపు తేలారు.

గీతలమనిషి
సందేహాలరావు గారి మొదటి ప్రశ్నకు సరిగ్గా జవాబు రాలేదు అనిపిస్తోంది, కొలత చెడిపోయి ఉంటే వదిలేయాలా అని. నేల మీద పరిశీలనల గురించి ఈస్ట్‌మన్, వారెన్ 2013లో చేసిన పని చూడండి. 1971 నుంచి 2009 దాకా ప్రపంచం మొత్తం మీద నేల కేంద్రాల్లో కంటితో చూసి రాసిన లెక్కలు. మొత్తం మబ్బు దశాబ్దానికి 0.4 శాతం చొప్పున, అంటే చాలా కొద్దిగా, తగ్గింది. అంతకంటే నాకు నచ్చింది అందులో రష్యా సంగతి. అక్కడ పొరలు పొరలుగా పరుచుకునే మబ్బు తగ్గి, కుప్పలుగా లేచే మబ్బు పెరిగిందని అంతకుముందు చెప్పుకునేవాళ్లు. వీళ్లు వెతికితే కొన్ని కేంద్రాల డేటా తప్పుగా ఉంది. వాటిని తీసేశారు. మార్పు పూర్తిగా పోలేదు, కానీ చిన్నదైంది. ఆ చిన్నదాన్నే రాశారు. చెడిన డేటాతో చేయాల్సింది అదే, ఏరి పారేసి మిగిలింది ఎంతో చెప్పడం.

సందేహాలరావు
ఇది ఒప్పుకుంటాను. సరిచేశాక అంకె చిన్నదైందని వాళ్లే చెబుతుంటే నాకు ఇంకా నమ్మకం కలుగుతోంది, మామూలుగా నేను వినేవి ఎప్పుడూ పెద్దవైన అంకెలే.

ఎండపొడ
వారం తర్వాత వస్తున్నా, క్షమించాలి. ఇవీ ఫలితాలు.

9లు తీసేశాను, మార్పు లేదు, గీతలమనిషి గారు ముందే అన్నారు. ఎండ గంటల్లో 1995 దగ్గర మెట్టు లేదు. అసలు లేదు. అంటే నా గ్రాఫ్‌లో పతనం దాదాపు అంతా పరికరం మార్పే. రెండు నెలలు నేను చూసి కంగారు పడింది ఒక మనిషి కుర్చీలోంచి లేచి వెళ్లిపోవడాన్ని.

కానీ ఎండ గంటలు 1980ల మధ్య నుంచి 2003 దాకా మెల్లగా పెరుగుతూ వచ్చాయి, మెట్టు కాదు, నిజమైన వాలు. లోతట్టు మబ్బును పగలు మాత్రమే తీసుకుంటే అదే కాలంలో కొంచెం తగ్గింది. రాత్రి లోతట్టు మబ్బు కూడా తగ్గింది, ఇంకొంచెం ఎక్కువగానే, ముఖ్యంగా తెల్లవారుజామున. పొగమంచు గారు చెప్పిన నగరం గుర్తు అదే కదా.

పాతకన్ను
ఆ కుర్చీలోంచి లేచిన మనిషి నేను కాదు గానీ, నాలాంటివాడే. ఎండ గంటల గురించి ఒక జాగ్రత్త చెబుతాను. 1950ల నుంచి 1980ల దాకా చాలా దేశాల్లో పొగ వల్ల నేలకు చేరే ఎండ తగ్గింది, తర్వాత యూరప్ లాంటి చోట్ల గాలి శుభ్రపడి మళ్లీ పెరిగింది. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, సాయంత్రం, కాస్త పొగ ఉన్నా కార్డు కాలదు. గాలి తేటపడితే మబ్బు మారకపోయినా ఆ గంటలు పెరుగుతాయి. కాబట్టి పది నుంచి రెండు మధ్య గంటలు మాత్రమే తీసి చూడండి. ఆ వేళ ఎండ గట్టిది, పల్చటి పొగ కార్డును ఆపలేదు. అప్పుడు కూడా పెరిగి ఉంటే అది మబ్బే.

ఎండపొడ
గంటల వారీగా కార్డు లెక్కలు ఉన్నాయి, ఇప్పుడే చేస్తా.

ఎండపొడ
చేశాను. పది నుంచి రెండు మధ్య పెరుగుదల ఉంది కానీ సగం కంటే తక్కువ. మిగతాదంతా పొద్దున, సాయంత్రం గంటల్లోదే. అంటే కొంత గాలి శుభ్రపడటం, కొంత నిజంగా మబ్బు తగ్గడం.

పొగమంచు
ఇప్పుడు పల్లె కేంద్రం. ఊరికి దూరంగా, యాభై అరవై కిలోమీటర్ల లోపు ఏదైనా ఉందా?

ఎండపొడ
రెండున్నాయి. ఒకదాంట్లో ఇప్పటికీ మనిషే చూసి రాస్తున్నారట. డేటా కోసం ఉత్తరం రాశాను.

పాతకన్ను
ఇప్పటికీ మనిషే చూస్తున్నారంటే ఆ మాట వినడానికే సంతోషంగా ఉంది. డేటా వచ్చాక ఒక పని చేయండి, వాళ్లలో ఎవరు ఎప్పుడు మారారో కూడా అడగండి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఏడాది 8కి బదులు 7 ఎక్కువ రాస్తారు, కన్నం ఎక్కడో ఉంటుందని వెతుకుతూ.

కక్ష్యనుంచి
2000 తర్వాతి ఏళ్లకు ఆ మూడు కేంద్రాల మీద ఉపగ్రహ లెక్క నేను తీసి పంపగలను. టెర్రా అనే ఉపగ్రహం 1999లో, ఆక్వా అనేది 2002లో ఎగిరాయి, రెండూ చాలాకాలం కక్ష్య జారకుండా ఒకే వేళకు దాటాయి కాబట్టి ఇందాక చెప్పిన తలనొప్పి ఉండదు. చివరి ఏళ్లలో జారడం మొదలైంది, అవి వదిలేస్తా. అక్షాంశ రేఖాంశాలు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి.

ఎండపొడ
పంపించాను. మొదటి గ్రాఫ్ తీసేయట్లేదు, అలాగే ఉంచుతున్నా. 1995 దగ్గర నిలువు గీత గీసి "ఇక్కడ పరిశీలకుడు వెళ్లిపోయాడు" అని రాశాను. కొత్తది దాని కింద పెడుతున్నా.

సందేహాలరావు
పల్లె కేంద్రం లెక్క రాగానే ఇక్కడే పెట్టండి. పల్లెలో కూడా మధ్యాహ్నపు మబ్బు తగ్గిందని తేలితే నేను నా మొదటి మాట వెనక్కి తీసుకుంటా, తగ్గలేదని తేలితే మీరు అది కూడా పెట్టాలి.

ఎండపొడ
ఏది వచ్చినా పెడతాను.